పాఠాలు తెరిచి పెట్టే ముందు

చిరంజీవి శ్రీవిద్యకు, మావయ్య ఆశీస్సులు.

బీఎస్సీ రెండో ఏడాది పిల్లలకు నువ్వు చెబుతున్న ఉష్ణగతిక శాస్త్రం కోర్సంతా ఈ సెలవుల్లో నెట్‌లో పెట్టేస్తానని రాశావు. మంచి పని. అయితే ఫైళ్లన్నీ ఒక డ్రైవ్ ఫోల్డర్లో వేసి, లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే అయిపోతుందని అనుకుంటున్నట్టున్నావు. అలా పెడితే పిల్లలకు డబ్బులు పెట్టకుండా దొరుకుతుంది, అంతే. ఇంకో ఊళ్లో ఇంకో లెక్చరరు నీ నోట్సు దించుకుని, తప్పుంటే దిద్ది, తన పిల్లలకు తగ్గట్టు మార్చి, మళ్లీ పదిమందికి పంచుకోవచ్చా? పంచుకోవచ్చని నువ్వు రాసి పెడితేనే తెరిచినట్టు. రాయకపోతే మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కులన్నీ మూసే ఉంటాయి, నువ్వు వేరే ప్రకటన ఏదీ చేయక్కర్లేదు.

ఆ హక్కులు ఎవరివన్నది ముందు తేల్చుకో. 1957 చట్టం 17వ సెక్షన్‌లో, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు యజమాని అని ఉంది. లెక్చరర్ల నోట్సు దాని కిందికి వస్తుందా రాదా అన్న వాదన ఎప్పుడూ ఉన్నదే. ఆ వాదన నీ నెత్తిన ఎందుకు? ప్రిన్సిపాల్‌కు అరపేజీ అర్జీ పెట్టు. కోర్సు పేరు, ఏ ఫైళ్లు, ఏ లైసెన్సు, ఎక్కడ పెడతావు అన్న నాలుగు ముక్కలూ అందులో ఉండాలి. సంతకం, తేదీ, స్టాంపు పడ్డ కాపీ దాచుకో. నోటిమాట చాలదు. ప్రిన్సిపాల్ మారితే ఆ మాటా మారుతుంది.

తర్వాతది అసలు చాకిరీ. నీ స్లైడ్లలో నీవి కానివి ఏరి పక్కన పెట్టడం. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు తమ పాఠాలు అందరికీ ఉచితంగా ఇచ్చే ఓపెన్‌కోర్స్‌వేర్ పెడతామని 2001 ఏప్రిల్‌లో ప్రకటించి, 2002 సెప్టెంబరు ఆఖర్లో కొన్ని కోర్సులతో మొదలుపెట్టారు. వాళ్ల పాఠాల్లో అక్కడక్కడా పటం కింద "ఇది మా క్రియేటివ్ కామన్స్ లైసెన్సులోకి రాదు" అనే అర్థం వచ్చే చిన్న గమనిక కనిపిస్తుంది. క్రియేటివ్ కామన్స్ అంటే ఏ షరతుల మీద ఎవరైనా వాడుకోవచ్చో ముందే రాసిపెట్టిన లైసెన్సులు. చదవాల్సిన పుస్తకాల పేజీలు ఇవ్వరు, అధ్యాయం పేరు మాత్రం ఇస్తారు. అంత పెద్ద సంస్థే ఒక్కో బొమ్మకూ ఆరా తీస్తోందంటే మనం గుడ్డిగా ఎక్కించకూడదు.

ఇక్కడ చాలామంది లెక్చరర్లు ఢిల్లీ తీర్పు ఎత్తుతారు. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016 సెప్టెంబరు 16న హైకోర్టు షాపు వైపే తీర్పిచ్చింది, నిజమే. దానికి ఆధారం అదే కాపీరైటు చట్టంలోని 52(1)(ఐ) సెక్షన్. బోధన క్రమంలో ఉపాధ్యాయుడో విద్యార్థో చేసుకునే ప్రతులకు అది మినహాయింపు ఇస్తుంది. క్లాసులో నలభై మందికి పంచే జిరాక్సుకు అది గొడుగు. ప్రపంచమంతా దించుకునేలా శాశ్వతంగా నెట్‌లో పెట్టి, పైన "ఎవరైనా వాడుకోండి" అని లైసెన్సు కూడా తగిలిస్తే ఆ గొడుగు కింద నిలబడలేవు. నీది కానిదానికి లైసెన్సిచ్చే అధికారం నీకు లేదు కదా!

కాబట్టి స్లైడ్లు వరసగా తెరిచి ఒక పట్టిక రాసుకో: స్లైడు నంబరు, అందులో ఏముంది, ఎక్కడిది, ఏం చేయాలి. చేయదగ్గవి నాలుగే: తీసేయడం, లింకు ఇచ్చి వదిలేయడం, ఓపెన్ లైసెన్సున్న దానితో మార్చడం, మళ్లీ గీయడం. ఎవరి బొమ్మో తేలకపోతే తీసెయ్. "గూగుల్ నుంచి" అని కింద రాస్తే చాలనుకునేవాళ్లున్నారు. గూగుల్ వెతికి పెడుతుందే తప్ప ఆ బొమ్మలు దానివి కావు.

మళ్లీ గీయడమంటే పుస్తకంలో బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి దిద్దడం కాదు. ఆదర్శ ఉష్ణయంత్రం నడిచే తీరు చూపే కార్నో చక్రం పీ-వీ (పీడనం, ఘనపరిమాణం) పటమే తీసుకో. చక్రం ఎవరి సొత్తూ కాదు, ఎవరో గీసిన ఆ బొమ్మ మాత్రం వాళ్లది. నువ్వు అంకెల నుంచి గీయి. ఏకపరమాణుక ఆదర్శ వాయువు ఒక మోల్, గామా (దాని రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) 5/3. వేడి మూలం 400 కెల్విన్లు, చల్లని మూలం 300. మొదటి ఘనపరిమాణం 10 లీటర్లు, సమోష్ణోగ్రతా వ్యాకోచంలో 20 అవుతుంది. వేడి రాకపోకలు లేని స్థిరోష్ణక గీత మీద ఉష్ణోగ్రతను ఘనపరిమాణం గామా మైనస్ ఒకటో ఘాతంతో గుణిస్తే వచ్చే విలువ మారదు కాబట్టి, 400 నుంచి 300కు దిగేటప్పుడు ఘనపరిమాణం 4/3కి 1.5 ఘాతం, అంటే 1.54 రెట్లు పెరుగుతుంది. మూడో బిందువు 30.8 లీటర్లు, నాలుగోది 15.4. పీడనాలు వరసగా 333, 166, 81, 162 కిలోపాస్కల్స్. తీసుకున్న వేడి 2305 జౌల్స్, వదిలింది 1729, పని 576. దక్షత సరిగ్గా పావు వంతు.

ఇలా గీస్తే పటం నీదవుతుంది. ఇంకో లాభమూ ఉంది. చేత్తో ఉజ్జాయింపుగా గీసిన పటాల్లో నాలుగు గీతలూ ఒకే వాలుతో ఉంటాయి. నిజానికి రెండూ కలిసే చోట స్థిరోష్ణక గీత వాలు సమోష్ణోగ్రతా గీత వాలుకు గామా రెట్లు, అంటే ఇక్కడ 1.67 రెట్లు ఉండాలి. రెండోదీ నాలుగోదీ పీడనాలు 166, 162 అని దాదాపు ఒకే ఎత్తులో రావడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు, అడుగుతారు. ఆ ప్రశ్న నీకు కావాలి. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో ఇరవై లైన్లలో పని అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: దాని పాత వెర్షన్లలో తెలుగు పేర్లు పెడితే ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. పటం పేర్లు లేకుండా ఎస్‌వీజీ బొమ్మ ఫైలుగా దాచి, బొమ్మలు దిద్దే ఇంక్‌స్కేప్‌లో తెరిచి తెలుగు పేర్లు అక్కడ చేర్చు.

లైసెన్సు సంగతి. క్రియేటివ్ కామన్స్‌లో నీకు పనికొచ్చేవి మూడు. సీసీ-బై అంటే పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. సీసీ-బై-ఎస్ఏ అంటే మార్చినదాన్ని కూడా అదే షరతుతో ఇవ్వాలి. సీసీ-బై-ఎన్‌సీ-ఎస్ఏలో వీటికి తోడు వ్యాపారం కూడదన్న షరతుంటుంది. ఎన్‌డీ ఉన్న రకం జోలికి మాత్రం పోకు. మార్పులు చేసి పంచకూడదని దాని అర్థం. నీ ఇంగ్లిష్ నోట్సును ఎవరైనా తెలుగు చేసినా బయట పెట్టలేరు. మన పిల్లలకు అవసరమైన పనికే అడ్డుపడుతుంది.

కోచింగ్ సెంటర్లు ఎత్తుకుపోతాయని నీ భయం, అందుకే ఎన్‌సీ అంటున్నావు. తప్పు లేదు, ఓపెన్‌కోర్స్‌వేర్‌దీ అదే. కానీ దాని ఖరీదు తెలుసుకుని పెట్టు. వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్ ఎన్‌సీ బొమ్మలు తీసుకోదు, అంటే నీ కార్నో పటం తెలుగు వికీపీడియా వ్యాసంలోకి ఎక్కదు. కాలేజీ గేటు దగ్గర జిరాక్స్ షాపు పేజీకింత తీసుకుని నీ నోట్సు తీసిస్తే అది వ్యాపారమా అన్న సందేహమూ వస్తుంది. అమెరికాలో గ్రేట్ మైండ్స్ అనే సంస్థ ఇలాంటి విషయం మీదే ఫెడెక్స్ ఆఫీస్‌తో కోర్టుకెక్కింది. స్కూళ్ల తరఫున ప్రతులు తీసిన షాపు లైసెన్సు మీరినట్టు కాదని 2018లో అప్పీలు కోర్టు చెప్పింది. అది వాళ్ల దేశపు తీర్పు. నన్నడిగితే సీసీ-బై-ఎస్ఏ పెట్టు. కోచింగ్ సెంటర్ వాళ్లు నీ నోట్సు మార్చి అమ్మినా నీ పేరు వేయాలి, అదే లైసెన్సుతో ఇవ్వాలి. కొన్న పిల్లాడు దాన్ని ఉచితంగా పంచితే వాళ్లు ఆపలేరు. ఏది ఎంచుకున్నా బాగా ఆలోచించి పెట్టు, ఒకసారి ఇచ్చాక దించుకున్నవాళ్ల దగ్గర నుంచి వెనక్కి తీసుకోలేవు.

ఇందులోనే ఇంకో ఇరకాటం. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు సీసీ-బై-ఎస్ఏ కింద ఉన్నాయి. ఓపెన్‌కోర్స్‌వేర్‌వి బై-ఎన్‌సీ-ఎస్ఏ. రెండిట్లోంచీ చెరో పేరా తీసి కలిపి ఒకే నోట్సుగా తిరగరాశావనుకో, దానికి ఏ లైసెన్సు పెట్టినా ఒకరి షరతు తప్పినట్టే. ఇది "అన్నీ ఓపెనే కదా" అనుకునేవాళ్లు పడే గొయ్యి. దేనికది విడిగా, దేని లైసెన్సు దానికి రాసి పక్కపక్కన ఉంచితే ఇబ్బంది లేదు. పేరాలు కలపాలనుంటే సీసీ-బై ఉన్నవాటి నుంచి తీసుకో. ఉచిత పాఠ్యపుస్తకాలు వేసే ఓపెన్‌స్టాక్స్ వాళ్ల యూనివర్సిటీ ఫిజిక్స్ రెండో సంపుటం అలాంటిదే, ఉష్ణగతికం అందులోనే ఉంది. తీసుకున్న చోట నాలుగు వివరాలు ఇవ్వు: దాని పేరు, రాసినవారు, లింకు, లైసెన్సు. మార్చి ఉంటే "రంగులు మార్చి తెలుగు పేర్లు చేర్చాను" అని ఒక ముక్క.

తెలుగు అకాడమీ పుస్తకాల్లో పదాలు హాయిగా వాడుకో, పేరాలు మాత్రం ఎత్తకు.

నీ తెలుగు నోట్సు యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో ఉందన్నావు. దాన్ని అలాగే పీడీఎఫ్ చేస్తే చూడ్డానికి తెలుగే. వెతికితే దొరకదు, కాపీ చేసి అతికిస్తే గీతలు, చుక్కలు, ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి, చూపులేని పిల్లలకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఆ చెత్తే చదువుతుంది. యూనికోడ్‌లోకి మార్చు. మార్చే పరికరాలు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు, అంకెలు, సమీకరణాల చుట్టూ ఉన్న గుర్తులు ఒక్కో పేజీ కంటితో చూడాల్సిందే. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లు వాడు. సమీకరణాలు అచ్చుకు కూర్చే లేటెక్‌లో రాసేటట్టయితే జీలేటెక్ గానీ లువాలేటెక్ గానీ కావాలి, మామూలు పీడీఎఫ్‌లేటెక్ తెలుగుకు పనికిరాదు. యూనికోడ్ పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా ఒత్తులు చెదిరే అవకాశం ఉంది గనక, పీడీఎఫ్ పక్కనే అసలు ఫైలు, డాక్స్ గానీ టెక్స్ గానీ, తప్పకుండా పెట్టు. మార్చుకొమ్మని లైసెన్సిచ్చి మార్చడానికి వీల్లేని ఫైలిస్తే ఏం లాభం?

ముందు ఏవి పెట్టాలి? వీడియోలు కాదు. లెక్కలు, వాటి సాధనలు. సొంతంగా చదివే పిల్లాడికి పాఠం ఎక్కడైనా దొరుకుతుంది, తను వేసిన లెక్క తప్పో ఒప్పో చెప్పేవాళ్లే దొరకరు. యూనిట్‌కు పన్నెండు లెక్కలు పెట్టు. ఎనిమిదింటికి పూర్తి సాధన, నాలుగింటికి జవాబు మాత్రం. ఇంటర్నల్స్‌కు ఇచ్చేవి వేరే ఉంచుకుంటే "కాపీ కొడతారు" అన్న గొడవ ఉండదు. యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు స్కాన్ చేసి ఎక్కించకు, అవి యూనివర్సిటీవి. వాళ్ల సైటులో ఉంటే లింకు చాలు. పిల్లల జవాబు పత్రాలు, మార్కుల జాబితా, హాల్‌టికెట్ నంబర్లు, క్లాసు ఫొటోలు ఏ మూలా మిగలకుండా చూడు. ఎక్సెల్ ఫైల్లో దాచిన షీటు కూడా ఫైలుతోపాటే పోతుంది.

వీడియో తీస్తే ముక్క పది పన్నెండు నిమిషాలు దాటనీకు. ఫ్యాను ఆపు. కాలరు మైకు గడ్డానికి జానెడు కింద ఉంచు. "నిన్న చెప్పుకున్నాం కదా", "సోమవారం టెస్టు" లాంటి మాటలు రానీకు, చూసేవాడికి నిన్న ఏదో తెలియదు. మొదట్లో సినిమా పాట వేస్తే యూట్యూబ్‌లో హక్కుదారుల క్లెయిము వచ్చి పడుతుంది. యూట్యూబ్ లైసెన్సు పెట్టెలో క్రియేటివ్ కామన్స్ అని కనిపించేది సీసీ-బై ఒక్కటే. నువ్వు ఎస్ఏ అనుకుంటే అక్కడ మామూలు లైసెన్సు ఉంచి, నీ లైసెన్సు వివరణలోనూ వీడియో చివరా రాయి. ఆడియో విడిగా కూడా ఇవ్వు. 64 కిలోబిట్లలో గంట పాఠం 29 ఎంబీ లోపే, బస్సులో వినే పిల్లలున్నారు.

ఇక దాచే చోటు. కాలేజీ సైటు కొత్తగా చేయించినప్పుడల్లా లింకులు చస్తాయి. డ్రైవ్ అయితే, కాలేజీ అకౌంటు నువ్వు మానేసిన రోజున పోతుంది. అసలు ప్రతి జెనోడో అనే నెట్ భాండాగారంలో పెట్టు. జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్నది, ఉచితం, రికార్డుకు 50 జీబీ దాకా పడుతుంది, శాశ్వతంగా ఉండే చిరునామాలా పనిచేసే డీఓఐ నంబరు ఇస్తుంది. ప్రచురించాక ఫైలు మార్చాలంటే కొత్త వెర్షన్‌గా వేయాలి. కాబట్టి ముందు డ్రాఫ్టుగానే ఉంచి రెండు రోజులు చూసుకో. అన్ని వెర్షన్లకూ కలిపి ఒక డీఓఐ, ఒక్కో వెర్షన్‌కు ఒకటి వస్తాయి. పిల్లలకు ఇవ్వాల్సింది మొదటిది. కాలేజీ సైటులో, డ్రైవ్‌లో నకళ్లు ఉంచుకో. డ్రైవ్ లింకు పంపేముందు ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి చూడు, "అనుమతి అడగండి" అని వస్తే తాళం తీయలేదన్నమాట.

ఫైలు పేర్లు 01, 02 అని వరసతో మొదలవ్వాలి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" వద్దు. పైన ఒక "ముందు ఇది చదవండి" ఫైలు: సిలబస్, ఏ యూనిట్‌కు ఎన్ని గంటలు, ముందు ఏం తెలిసి ఉండాలి, లైసెన్సు, తప్పులు తెలపడానికి ఒక మెయిలు. ఆ మెయిలు నీ సొంతది కాకుండా ఈ పనికే వేరేగా తెరువు.

ముందు రెండో యూనిట్ ఒక్కటే పూర్తి చేయి, అయిదు యూనిట్లూ ఒకేసారి ఎత్తుకోకు. స్లైడ్ల పట్టిక, కార్నో పటం ఎస్‌వీజీ, దాన్ని గీసిన కోడు నాకు పంపు. మూడో బిందువు 30.8 దగ్గర పడిందో లేదో చూసి రాస్తాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య