ట్యాంకు పెద్దదైతే పై అంతస్తుకు ప్రెషర్ పెరుగుతుందా? చందా వేసుకుని నేర్చుకున్న సంగతి

ఐదో అంతస్తులో షవర్ సన్నగా వస్తోంది, వెయ్యి లీటర్ల ట్యాంకు తీసేసి రెండు వేల లీటర్లది పెడితే ప్రెషర్ పెరుగుతుందా అని అడిగారు. పెరగదు. మేం డబ్బు పెట్టి మరీ తెలుసుకున్నాం.

హైదరాబాద్ మల్కాజ్‌గిరిలో మాదీ ఐదంతస్తుల బిల్డింగే, మేముండేది చిట్టచివర. పొద్దున ఏడింటికి కిందివాళ్ళ స్నానాలు మొదలయ్యాయంటే మా షవర్ నీళ్ళు తలమీద పడకుండా గోడ పట్టుకుని జారేవి. "సార్, ట్యాంకు పెద్దగైతే ప్రెషర్ దానంతటదే వస్తది" అన్నాడు ప్లంబర్. మీటింగులో అందరూ తలూపారు, నేనూ ఊపాను. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, నేను పనిచేసేది బాలానగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్సులు బాగుచేసే వర్క్‌షాపులో. పొద్దస్తమానం ప్రెషర్ గేజీలు చూసే మనిషిని. ఇంటి నీళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం బుర్ర పనిచేయలేదు. పెద్ద ట్యాంకు తెచ్చి పాత దిమ్మ మీదే పెట్టించాం. మర్నాడు షవర్ షరా మామూలే.

కింది ఫ్లాట్ పెద్దాయన "మోసం జరిగింది" అని పట్టుబట్టాడు. ఆయనకు చూపిద్దామని మేస్త్రీలు లెవెల్ చూసే ట్యూబు ఒకటి తెచ్చి, దాన్ని నీళ్ళతో నింపి, ఒక కొస రెండు వందల లీటర్ల డ్రమ్ములో ముంచి, రెండో కొస బయట పైకెత్తి పట్టుకున్నాను. ట్యూబులో నీళ్ళు సరిగ్గా డ్రమ్ములో ఉన్న మట్టానికే వచ్చి ఆగాయి. డ్రమ్ములో అన్ని నీళ్ళున్నాయి కదా, ట్యూబులోని ఆ కాసిని నీళ్ళను పైకి తన్నెయ్యాలి కదా? వెంట్రుకవాసి కూడా తన్నలేదు. అప్పటికి పెద్దాయన శాంతించాడు.

నీటి ఒత్తిడి చూసేది ఎత్తును. ట్యాంకు వెడల్పుతో దానికి పనిలేదు. 10 మీటర్ల ఎత్తు నీళ్ళు నిలిస్తే అడుగున చదరపు సెంటీమీటరుకు దాదాపు 1 కిలో ఒత్తిడి ఉంటుంది. వర్క్‌షాపులో మేం 'కిలో ప్రెషర్' అనేది దీన్నే. మా ట్యాంకు అడుగు శ్లాబు మీద మీటరు ఎత్తున ఉంది, షవర్ శ్లాబుకు మీటరు కింద. అంటే ట్యాంకు అడుగంటే వేళకు మాకు దక్కేది రెండు మీటర్ల నీళ్ళు, 0.2 కిలో. నాలుగంతస్తులు కిందున్న ఫ్లాటుకు ఇంకో 12 మీటర్లు కలిసి 1.4 కిలో. ఏడు రెట్లు! మా పెద్ద ట్యాంకు కాస్త పొడుగే కాబట్టి నిండుగా ఉన్నప్పుడు పాతదానికంటే ఓ అరమీటరు కలిసొస్తుంది, అది కూడా కిందివాళ్ళు వాడుకునేదాకానే. గండిపేట చెరువు నీళ్ళు నగరంలోని ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల (నీళ్ళు శుద్ధిచేసే చోటు) దాకా వచ్చింది కూడా ఈ ఎత్తు తేడాతోనే, మోటారుతో కాదు.

కానీ ఇది కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పటి లెక్క. నీళ్ళు పారడం మొదలయ్యాక పైపు గోడల రాపిడి, వంపులు కొంత ఒత్తిడిని తినేస్తాయి. మా అసలు జబ్బు అక్కడే ఉంది. అందరికీ కలిపి ట్యాంకు నుంచి దిగేది ఒకటే పైపు, పైగా ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పారి లోపల సున్నం గారలా పేరుకుంది. పైపు లోపలి వెడల్పు సగానికి తగ్గితే నీళ్ళు సగం వస్తాయనుకుంటాం. ఇళ్ళ పైపుల్లో అదే ఒత్తిడికి వచ్చేది సుమారు ఆరో వంతే. దానికి తోడు కింద నాలుగు కుళాయిలు ఒకేసారి తిప్పితే ఆ పైపులో మా వంతు ఒత్తిడి సున్నాకు పడిపోయి, మా కుళాయి గుర్రుగుర్రుమని గాలి పీల్చేది.

మీ ప్రశ్న కింద ఒకరు "బోరు నీళ్ళు చిక్కన, అందుకే సన్నగా వస్తాయి" అని రాశారు. కాదు. చిక్కదనం వేరు, బరువు వేరు. ఆముదం నీళ్ళకంటే ఎంతో చిక్కన, కానీ నీళ్ళ మీద తేలుతుంది. మా ప్రెస్సుల్లో వాడే 68 నంబరు నూనె 40 డిగ్రీల దగ్గర కూడా నీళ్ళకంటే పదుల రెట్లు చిక్కగా ఉంటుంది. డిసెంబరు చలికి అది ఇంకా చిక్కబడి, పొద్దున్నే మిషను ఆన్ చేస్తే పంపు మూలుగుతుంది. నీళ్ళలో కరిగిన సున్నం చిక్కదనాన్ని లెక్కలోకి వచ్చేంతగా పెంచదు. అది చేసే చెడుపంతా పైపు గోడకు అంటుకున్నాకే.

చివరికి ఏం చేశామంటే, ట్యాంకు నుంచి మా అంతస్తుకు మాత్రం ఇంచుంపావు పైపుతో వేరే లైను వేయించాం. 15 లీటర్ల బకెట్ నిండడానికి ముందు నాలుగు నిమిషాలు పట్టేది, ఇప్పుడు నిమిషంన్నర.

ట్యాంకు దిమ్మ ఎత్తు పెంచుదామని ఎవరో ఒకరు అంటారు. మీటరు పెంచితే 0.1 కిలో వస్తుంది, మాలాంటి వాళ్ళ 0.2 మీద అది చిన్నదేం కాదు. కానీ రెండు వేల లీటర్ల నీళ్ళంటే రెండు టన్నులు, ఇంజనీరును అడక్కుండా ఆ పని చేయకండి. ట్యాంకు దిగువన చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవడం కూడా మంచి ఉపాయమే, కరెంటు పోతే మాత్రం మళ్ళీ మామూలే. నల్లాకు నేరుగా మోటారు బిగించే ఆలోచన మాత్రం వద్దు. జలమండలి (నగరానికి నీళ్ళిచ్చే బోర్డు) వాళ్ళు చూస్తే మోటారు పట్టుకుపోతారు. అదలా ఉంచినా, మోటారు పీల్చేటప్పుడు లైనులో ఒత్తిడి బయటికంటే తగ్గిపోయి, పగుళ్ళు ఉన్నచోట మురుగు లోపలికి వస్తుంది.

ముందు మీరు రాత్రి పదకొండు దాటాక, కిందివాళ్ళంతా కుళాయిలు కట్టేశాక, షవర్ కింద ఒక బకెట్ పట్టి టైము చూడండి. పొద్దున ఏడింటికి అదే బకెట్ మళ్ళీ పట్టండి. రాత్రి బాగా వచ్చి పొద్దున రాకపోతే మీకూ వేరే లైను కావాలి. రెండుసార్లూ ఒకేలా సన్నగా వస్తే, ముందు షవర్ జల్లెడ విప్పి చూడండి, సగం ఇళ్ళలో సున్నమంతా అక్కడే ఉంటుంది.