అమెజాన్ జిన్‌ని ఎలా రుచి చూడాలి?

కనైమా జిన్ సీసా చేతికొచ్చింది, 47 శాతం ఆల్కహాల్ అని రాసుంది, నేరుగా టానిక్ వాటర్ (చేదుగా ఉండే సోడా) కలిపేయొచ్చా అన్నది ప్రశ్న. కలపొచ్చు. కానీ మొదటి గుక్క విడిగా చూడండి.

ఇది వెనెజువెలా జిన్. జిన్‌కి అసలు వాసనిచ్చే జునిపర్ కాయలతో పాటు అమెజాన్ అడవి పండ్లు అసాయీ, కుపువాసు, ఇంకా జీడిమామిడి ఇందులో పడతాయి (మన పలాస జీడితోటల పుట్టిల్లూ దక్షిణ అమెరికానే).

మూతి సన్నగా ఉన్న గ్లాసులో 15 మి.లీ. పోయండి. ముక్కు లోపలికి దూర్చకుండా, అంచు దగ్గరే, నోరు కొంచెం తెరిచి వాసన చూడాలి. లేకపోతే ఘాటు తప్ప ఏమీ తెలియదు. ఇది 47 శాతం, మన దగ్గర మామూలుగా దొరికే జిన్ 42.8 శాతమే కదా. తర్వాత ఒక చెంచా నీళ్లు కలపండి, మంట తగ్గి పండ్ల వాసన పైకొస్తుంది. నీళ్లు ఎక్కువైతే కొన్ని జిన్‌లు మసకబారతాయి. మొక్కల నూనెలు విడిపోవడమే అది, సరుకు పాడైనట్టు కాదు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, వాసన ముడుచుకుపోతుంది.

టానిక్ అయితే ఒకటికి మూడు పాళ్లు, పెద్ద ఐసు ముక్కలు, గ్రేప్‌ఫ్రూట్ తొక్క. అది దొరక్కపోతే కమలా తొక్క చాలు. నిమ్మకాయ పిండితే ఇక తాగేది నిమ్మరసమే.