కోడిపిల్లల రెట్టలో రక్తం పడుతుంటే ఏం చేయాలి?

నెల దాటిన నాటు కోడిపిల్లలు రెక్కలు వాల్చి కునుకుతున్నాయి, రెట్టలో రక్తం పడుతోంది, షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడితో తగ్గలేదు అని రాశారు. తగ్గదండీ. ఆ వయసులో రక్తం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది రక్తపారుడునే, అంటే కాక్సిడియోసిస్. పేగు గోడలో పెరిగే ఐమీరియా అనే పరాన్నజీవి వల్ల వస్తుంది.

పోయిన శ్రావణంలో ముసురు వదలని రోజుల్లో మా ఇంట్లోనూ వచ్చింది. పొద్దున గంప ఎత్తగానే నూకల మీదికి ఉరకాల్సిన పిల్లల్లో ఒకటి కదల్లేదు. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. కింద పరిచిన గోనెసంచి మీద టమాటా గుజ్జు ఒలికినట్టు మరకలు. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక వేలికి తగులుతోంది, కాళ్లు పాలిపోయాయి. అత్తయ్య దిష్టి తీస్తానంటే తీయమన్నాను కానీ, ఈలోపు మా ఆయన్ని పశువుల ఆసుపత్రికి పంపి ఆంప్రోలియం అనే మందు తెప్పించాను. 20 శాతం పొడి అయితే లీటరు నీళ్లకు 1.2 గ్రాముల చొప్పున 5 రోజులు, తర్వాత 0.3 గ్రాములకు తగ్గించి ఇంకో వారం. మీరు కొన్న ప్యాకెట్ మీద శాతం చూసుకోండి. మామూలు నీళ్లు ఎక్కడా అందనివ్వకూడదు. జబ్బు పిల్ల మేత మానేసినా నీళ్లు తాగుతుంది, అందుకే మందు నీళ్లలోనే. మాది లేవలేకపోతే డ్రాపర్‌తో పట్టాను, బతికింది. ఆ రోజుల్లో బలానికని బి-కాంప్లెక్స్ టానిక్ కలపొద్దు. ఈ మందు పనిచేసేదే పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా చేసి.

మందుకన్నా ముఖ్యం కింద పొడిగా ఉండటం. రెట్టలో పడ్డ ఈ పరాన్నజీవి గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటించే దశకు వస్తాయి. ఫినాయిల్ చల్లితే చావవు. తడిసిన ఊక ఎత్తేసి కొత్తది పొయ్యండి, నీళ్ల గిన్నెను ఇటుక మీద పెట్టండి. వేలకు వేలు పెట్టి షెడ్డు కట్టిస్తారు, నీళ్ల గిన్నె మాత్రం నేల మీదే, పిల్లలు అందులోనే రెట్ట వేస్తుంటాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకో బాధ, ఏ కోడి పారినా మా ఊళ్లో కొక్కెర తెగులు అనేస్తారు. కొక్కెరలో ఆకుపచ్చ నీళ్ల రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిరిగిపోవడం ఉంటాయి, పెద్ద కోళ్లూ పోతాయి. దానికి మందు లేదు, వారం వయసులో లసోటా, 8 వారాలకు ఆర్2బి టీకాలే దిక్కు. టీకా పడని పిల్లల్ని ఫోటోలు చూపించి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

రోజూ ఒకటి రెండుసార్లు పడే ముదురు గోధుమరంగు జిగట రెట్ట జబ్బు కాదు, దానికి టెన్షన్ వద్దు. మీ పిల్లల్లో ఏదైనా పోతే పారేయకుండా కవర్లో చుట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కోసి చూస్తే, రక్తపారుడే అయితే పేగుల చివర ఉండే రెండు గుడ్డి పేగులూ రక్తంతో ఉబ్బి ఉంటాయి, అక్కడికక్కడే తేలిపోతుంది.