కొసరుతో కలిపి ఎన్ని?
చిన్నారుల బడి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు నిండాయి. ఆటపాటలతోనే చదువు చెబుతామన్న బడిలో ఎల్‌కేజీలో చేర్పించాము. ఆరు నెలలైనా నోటుపుస్తకంలో ఒక్క అక్షరం లేదు. రోజూ చేతులకు మట్టితో, బట్టల మీద రంగు మరకలతో ఇంటికి వస్తాడు. పక్కింటి పాప అదే వయసులో యాభై దాకా అంకెలు రాస్తోంది. మావాడు వెనకబడిపోతున్నాడేమోనని బెంగగా ఉంది. బడి మార్చమంటారా? (ఒక తల్లి, పటమట, విజయవాడ)

జవాబు: తొందరపడకండమ్మా. బడి మార్చే ముందు ఇంట్లో ఒక చిన్న పని చేసి చూడండి. పళ్లెంలో పదిహేను చింతగింజలు పోసి, "నాకు ఏడు గింజలివ్వు నాన్నా" అని అడగండి. యాభై దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా చాలామంది ఈ చోట గుప్పెడు గింజలు తీసి చేతిలో పెడతారు. అంకెలను పాటలాగా వల్లించడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఒక గింజకు ఒకే అంకె చెప్పాలి, ఏ గింజనూ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కించకూడదు, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియాలి. ఈ నాలుగూ కుదిరితేనే అది లెక్క. ఏడు గింజలు సరిగ్గా ఇచ్చాడనుకోండి, వాటిని వాడి కళ్ల ముందే ఎడంగా జరిపి "ఇప్పుడెన్ని?" అని అడగండి. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టినా, "ఎక్కువయ్యాయి" అన్నా కంగారు పడనక్కరలేదు, నాలుగేళ్ల వయసులో అది సహజమే. గింజలను పదే పదే చేతిలోకి తీసుకోవడం వల్లనే ఆ సంగతి వాడికి తెలిసివస్తుంది, పుస్తకంలో 7 అనే గుర్తును ఇరవైసార్లు దిద్దడం వల్ల కాదు.

ఇక రాత సంగతి. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. మూడు, నాలుగేళ్ల పిల్లల్లో వాటిలో చాలావి ఇంకా గట్టిపడని మృదులాస్థిగానే ఉంటాయి. భుజం, మోచేయి, మణికట్టు, వేళ్లు అనే వరుసలో చేతికి పట్టు వస్తుంది. మట్టి పిసకడం, తడిబట్ట పిండడం, కాగితం చింపి అతికించడం, బట్టల క్లిప్పులు తీసి పెట్టడం, ఇసుకలో చేయి చాచి పెద్ద సున్నలు చుట్టడం, ఇవన్నీ రాతకు ముందు జరగవలసిన పనులు. మన లిపి గుండ్రని లిపి కనుక సున్న చుట్టడం వచ్చిన పిల్లవాడికి దారి సగం తెలిసినట్టే. పైన తలకట్టు పెడితే ర అవుతుంది. చేతికి ఆ పట్టు రాకముందే పెన్సిలు ఇచ్చి గీతల మధ్య ఇమిడ్చి రాయమంటే, పిల్లవాడు దాన్ని పిడికిట్లో బిగించి కాగితం చిరిగేలా నొక్కుతాడు, వేళ్లు నొప్పి అంటాడు, తరువాత రాతంటేనే మొహం చాటేస్తాడు. అలాంటి పిల్లలను ఒకటో తరగతిలో నేను ఎందరినో చూశాను. వారి చేతికి మళ్లీ రాత మీద ఇష్టం కలిగించడం ఎంత కష్టమో కూడా చూశాను.

పుస్తకం పెట్టకపోవడం ఆ బడి నిర్లక్ష్యమూ కాదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా పరిగణించింది. ఆ దశ కోసం 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు ఉండకూడదనీ, ఈ దశకు పరీక్షలు తగవనీ స్పష్టంగా చెప్పింది. 2020లోనే వచ్చిన బడి సంచుల విధానం ప్రకారం ఒకటో తరగతికి ముందు సంచీ ఉండకూడదు, రెండో తరగతి వరకు హోంవర్కు ఉండకూడదు.

అయితే ఆటల బడి అని బోర్డు పెట్టిన ప్రతిచోటా చదువు జరుగుతుందని నేను అనను. ఈసారి బడికి వెళ్లినప్పుడు టీచరుగారిని ఒక్క మాట అడగండి: "ఈ వారం మావాడు ఏ ఆట ఎక్కువగా ఆడాడు, అందులో మీరు ఏం గమనించారు?" "మట్టితో పాము చేసి, దాన్ని ముక్కలు చేసి పెద్దది, చిన్నది అని పేర్చాడండీ" అన్నట్టుగా మీ పిల్లవాడి గురించి మాత్రమే చెప్పగలిగే మాట ఆమె నోట వస్తే నిశ్చింతగా ఉండండి. "బాగానే ఆడుకుంటున్నాడండీ" దగ్గర ఆగిపోతే అప్పుడు బడి మార్చే సంగతి ఆలోచించవచ్చు.

ప్రశ్న: నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో యూకేజీ టీచరును. ఒకే గది, ఇరవై ఎనిమిది మంది పిల్లలు, సాయానికి ఒక ఆయా. ఆటవస్తువులు కొనడానికి డబ్బులివ్వరు. పైగా ప్రతి పిల్లవాడి ఫైలులో వర్క్‌షీట్లు కనిపించాలంటారు. ఇంతమందితో ఆటల ద్వారా నేర్పడం సాధ్యమేనా? (ఒక ఉపాధ్యాయిని, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: సాధ్యమే, కానీ ఇరవై ఎనిమిది మందితో ఒకేసారి ఒకే ఆట ఆడించాలని చూస్తే కాదు. అలా చేసినప్పుడు అది ఆట పేరుతో డ్రిల్లు అవుతుంది. మీరు చప్పట్లు కొడితే అందరూ కొడతారు, మీరు ఎర్రది చూపమంటే అందరూ చూపుతారు, నిర్ణయాలన్నీ మీవే. ఏది ఎలా చేయాలో పిల్లలు తేల్చుకోవలసి వచ్చినప్పుడే వారి బుర్రకు పని పడుతుంది. అందుకే గదిని నాలుగు మూలలుగా విడదీసి, మూలకు ఏడుగురిని కూర్చోబెట్టండి. ఒక మూల మట్టి, ఒక మూల బొమ్మల పుస్తకాలు, ఒక మూల పేర్చే వస్తువులు (ఖాళీ అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలు, డబ్బా మూతలు చాలు), నాలుగో మూల అంగడి. మీరు లేని మూడు మూలలనూ ఆయా ఒక కంట చూస్తూ ఉంటుంది. మీరు మాత్రం నలభై నిమిషాలూ ఒక్క మూలలోనే కూర్చోండి, రోజుకొక మూల మార్చండి. ఈల వేసి అందర్నీ ఒకేసారి మూలలు మార్పించకండి; పనిలో లీనమైన పిల్లవాడిని లేపడమంత నష్టం మరొకటి లేదు.

అంగడి మూల గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే నా అనుభవంలో దానంత ఫలితమిచ్చేది లేదు. మన పిల్లలకు రైతుబజారు బాగా తెలిసిన చోటు. ఒక పాత దుప్పటి పరచి నిమ్మకాయలు, బెండకాయలు, వంకాయలు, తోటకూర కట్టలు పెట్టండి. కర్రకు రెండు కొబ్బరి చిప్పలు తాడుతో వేలాడదీస్తే త్రాసు తయారవుతుంది. ఇద్దరు అమ్మేవారు, ఒకరు తూచేవారు, ఒకరు చీటీ రాసేవారు, మిగిలినవారు సంచులతో వచ్చేవారు. ధరల బోర్డు పిల్లలే తయారు చేయాలి. టమాటా బొమ్మ గీసి పక్కన ట అని రాసే పిల్లవాడు ఉంటాడు, వంకర గీతలు గీసి "ఇది పది రూపాయలు" అనేవాడూ ఉంటాడు. ఆ వంకర గీతను దిద్దకండి. మాటను కాగితం మీద పెట్టవచ్చన్న సంగతి వాడికి తెలిసిందనడానికి అదే గుర్తు.

విజయవాడలో ఒక బడిలో నేను కళ్లారా చూసినది చెబుతాను. ఐదేళ్ల అమ్మాయి భుజాన తుండుగుడ్డ వేసుకుని, ఒక అబ్బాయి సంచిలో ఐదు నిమ్మకాయలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి వేసింది. తరువాత ఇంకొకటి తీసి, అచ్చం వాళ్ల బజారు అత్త లాగే చేయి ఊపుతూ "ఇదిగో, కొసరు" అంది. పక్కనే ఉన్న టీచరు, "కొసరుతో కలిపి ఎన్ని కాయలొచ్చాయి?" అని అడిగారు. అబ్బాయి సంచి మొత్తం దుప్పటి మీద కుమ్మరించి, ఒకటి నుంచి మొదలుపెట్టి ఆరు దాకా లెక్కించాడు. ఆ అమ్మాయి మాత్రం కాయల వైపు చూడకుండానే, "ఐదు... ఆరు" అంది. అవే నిమ్మకాయలు, అదే ప్రశ్న, కూడికలో రెండు వేర్వేరు మెట్లు. టీచరు ఎవరినీ సరిదిద్దలేదు, ఎవరినీ మెచ్చుకోలేదు. మరునాడు ఆ అబ్బాయినే అమ్మేవాడిగా కూర్చోబెట్టి "మాకు రెండు కొసర్లు కావాలి" అని అడిగారు. మన భాషలో ఉన్న ఆ చిన్న మాట కూడికను ఎంత సులువుగా వాళ్ల చేతికి అందించిందో చూడండి.

మీరు అడిగే ప్రశ్నల మీదనే అంతా ఆధారపడి ఉంటుంది. "ఇదేం రంగు?" అంటే ఒక్క మాటతో సరిపోతుంది. "ఈ వంకాయ బరువా, ఈ కట్ట బరువా? నీకెలా తెలిసింది?" అంటే వాడు చేత్తో ఎత్తి చూడాలి, త్రాసులో పెట్టాలి, కారణం చెప్పాలి. ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని అప్పటివరకు మాట్లాడకండి. మొదట్లో ఆ నిశ్శబ్దం మీకే ఇబ్బందిగా ఉంటుంది, కాని జవాబు వచ్చేది ఆ వ్యవధిలోనే. ఇంకో మాట: గుంటూరు బడి కనుక చెబుతున్నాను, అంగడిలోకి ఎండుమిర్చి మాత్రం రానివ్వకండి. పిల్లలు ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటారు.

ఫైలు విషయంలో యాజమాన్యంతో పోట్లాడనక్కరలేదు. వర్క్‌షీటు ఉండాల్సిన చోట తేదీ వేసిన ఒక కాగితం పెట్టండి. అందులో పిల్లవాడు గీసిన ధరల బోర్డో, చీటీయో అతికించి, కింద మీ చేత్తో ఒకటి రెండు వాక్యాలు రాయండి: "ఐదు మీద ఒకటి అని ముందుకు లెక్కించింది", "బరువుకు కారణం చెప్పాడు". రోజుకు నలుగురి గురించి రాస్తే ఏడు పనిదినాలలో తరగతి అంతా పూర్తవుతుంది. వీలైతే తల్లిదండ్రుల సమావేశం రోజున పెద్దలనే దుప్పటి ముందు కూర్చోబెట్టి పిల్లల చేత వారికి కూరలు అమ్మించండి. అది చూశాక వర్క్‌షీట్లు ఏవని అడిగే తల్లిదండ్రులు నాకు తక్కువగా తారసపడ్డారు.

ప్రశ్న: మా అబ్బాయికి మూడున్నరేళ్లు. బడిలో అందరూ గుండ్రంగా నిలబడి పాడుతూ ఆడుతుంటే వీడు గోడ దగ్గర నిలబడి చూస్తూ ఉంటాడట. బలవంతంగా చేర్చమని చెప్పనా? (ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: వద్దండి. చూడటం కూడా ఆటలో ఒక భాగమే. అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో పిల్లల ఆటను వర్గీకరించినప్పుడు, పక్కన నిలబడి చూడటాన్నీ, కలవకుండా పక్కపక్కనే ఎవరి ఆట వారు ఆడుకోవడాన్నీ వేర్వేరు రకాలుగా గుర్తించారు. కలిసి ఆడటం ఆ తరువాత నెమ్మదిగా పెరుగుతుంది. మీ అబ్బాయి ఇంటికి వచ్చాక స్నానం చేస్తూనో, అన్నం తింటూనో బడిలో పాడిన పాట తనలో తాను పాడుకుంటున్నాడేమో గమనించండి. పాడుతున్నాడంటే గోడ దగ్గర నిలబడి అంతా నేర్చుకుంటున్నట్టే. టీచరుతో చెప్పి వాడికి అంచున ఒక పని ఇప్పించండి, పాట మొదలయ్యేటప్పుడు గంట కొట్టడం వంటిది. ఒక చిన్న బాధ్యత చేతికి వస్తే చాలామంది పిల్లలు తమంతట తామే వలయంలోకి వస్తారు.

అయితే పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావలసిన వస్తువును వేలితో చూపకపోయినా, ఈ వయసుకు చిన్న చిన్న వాక్యాలు రాకపోయినా, ఇంట్లో ఒక్కరితో కూడా కలిసి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడికి చూపించి వినికిడి పరీక్ష కూడా చేయించండి. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయిలే" అన్న ఇరుగుపొరుగు మాట విని ఏడాది పోగొట్టుకోవద్దు.

ప్రశ్న: మా పాప బడిలో గంటసేపు పెద్ద టీవీలో ఇంగ్లీషు రైములు వేసి పిల్లలను కూర్చోబెడుతున్నారు. అదీ ఆటపాటల చదువేనా? (ఒక తల్లి, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: కాదమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తంలో తెర ముందు గడిపే సమయం గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదలాలి. బడిలోనే ఆ గంటా అయిపోతే ఇంటికి మిగిలేది ఏమీ లేదు. తెర పిల్లల కోసం ఆగదు. టీచరు పాడితే, చివరి మాట దగ్గర ఆగి పిల్లల నోటి నుంచి ఆ మాట వచ్చేదాకా చూస్తుంది. ఏ భాషలోనైనా పాట నేర్పవచ్చు, కాని పాట గురించిన ముచ్చట మాత్రం ఇంటి భాషలోనే జరగాలి. ఇది బడివారికి మర్యాదగా, కలిసి వచ్చే మరో ఇద్దరు ముగ్గురు తల్లులతో వెళ్లి చెప్పండి.

ప్రశ్న: నా మనవరాలికి ఐదేళ్లు. బడి నుంచి వచ్చాక నా దగ్గరే ఉంటుంది. నాకు తెలిసినవి పాతకాలపు ఆటలే. వాటివల్ల దాని చదువుకు ఉపయోగం ఉంటుందా? (ఒక అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఎందుకుండదమ్మా! వామనగుంటలు ఒక్కటి చాలు. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోవడమంటే, మొదటి జవాబులో నేను చెప్పిన ఒక గింజకు ఒక అంకె అన్న సూత్రాన్ని వేళ్లతో అభ్యాసం చేయడమే. వైపుకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలూ ఐదేళ్ల పిల్లకు ఎక్కువ. కోడిగుడ్ల అట్టలోంచి రెండు వరుసలు, వరుసకు నాలుగు గుంటల చొప్పున కత్తిరించి మొదలుపెట్టండి. గుంటకు మూడు గింజలు పోయండి. వేసేముందు "చేతిలో గింజలు ఎక్కడ అయిపోతాయంటావు?" అని అడగండి, తప్పు చెప్పినా సరే, వేసి చూసి అదే తెలుసుకుంటుంది. గచ్చకాయలైతే కంటికీ చేతికీ జత కుదురుస్తాయి.

ఇంట్లో మూడేళ్లలోపు పసివాళ్లు ఉంటే మాత్రం గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు కనుక వాళ్లు నిద్రపోయినప్పుడే ఆడండి. గింజలను డబ్బాలోంచి తీసేటప్పుడూ తిరిగి పోసేటప్పుడూ మనవరాలి చేతే లెక్క పెట్టించండి. ఒక్కటి తగ్గినా మంచం కింద, చాప మడతల్లో వెతికి, అది దొరికేదాకా ఇద్దరూ లేవకండి.