కొబ్బరి కాపుకొచ్చేదాకా

విజయనగరం

తల్లీ,

నీ బొమ్మల కథ అందింది. పన్నెండో పేజీ దగ్గర ఒళ్లు మండింది. తిత్లీ తుఫాను మర్నాడు తాత కూలిన కొబ్బరిచెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాడు. బొమ్మ బాగుంది. దాని కింద నువ్వు రాసిందేమిటి? ‘తాత చెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాడు.’ మాకు కళ్లు లేవనుకున్నావా?

పైగా ‘ఇది కామిక్ కాదండీ, గ్రాఫిక్ నవల’ అని గీత గీసి మరీ రాశావు. దేన్ని బట్టి? పేజీలు ఎక్కువనా, కథ విషాదమనా? అమెరికా కార్టూనిస్టు ఆర్ట్ స్పీగెల్‌మన్ తన తండ్రి కథని బొమ్మల్లో చెప్పిన ‘మౌస్’ కూడా 1980 నుంచి ఒక పత్రికలో ముక్కలు ముక్కలుగానే వచ్చింది. 1992లో పులిట్జర్ వాళ్లు ప్రత్యేక బహుమతి ఇచ్చింది దాని లావు చూసి కాదు.

నేను చెప్పేది ఒకటే. గ్రాఫిక్ నవల అనాలంటే అందులో మనిషి మీద కాలం పనిచెయ్యాలి. ఇంద్రజాల్ కామిక్స్‌లో ఫాంటమ్ కోసం మా తరం కొట్టుకు చచ్చింది. ఆయనకి పెళ్లి చేశారు, పిల్లల్నిచ్చారు గానీ వయసు మాత్రం ఇవ్వలేదు. ఈ నెల తిన్న దెబ్బ వచ్చే నెలకి మాయం. ఆ సరదా వేరు, దాన్ని తక్కువ చెయ్యను. ‘మౌస్’లో తండ్రి వ్లాడెక్ ఆష్విట్జ్ అనే నాజీల చావు క్యాంపు నుంచి బతికొచ్చి, న్యూయార్క్‌లో ముసలివాడై, వీధిలో దొరికిన వైరు ముక్క ఏరుకుంటాడు. సగం తిన్న సరుకులు కొట్టుకి తిరిగిచ్చేస్తాడు. మనకి నవ్వొస్తుంది, చిరాకేస్తుంది, అంతలో క్యాంపు గుర్తొస్తుంది.

మరి నీ తాత? మొదటి పేజీలో మొహమే చివరి పేజీలోనూ. 2018 అక్టోబరు 11న తుఫాను పలాస దగ్గర తీరం దాటితే, నెలాఖరుకల్లా బియ్యం పంపిణీతో కథ ముగించేశావు. ఉద్దానం పిల్లవి, కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుందని నేను చెప్పాలా? అరవై దాటినవాడు మళ్లీ మొక్క పాతితే కాయ ఎవరు తింటారు? నీ నవల అక్కడుంది. ఒక గడిలో గొయ్యి తవ్వే చేతులు. పక్క గడిలో కాపుకొచ్చిన చెట్టు, కింద తాత లేడు. ఆ ఏడేళ్లూ రెండు గడుల మధ్య ఖాళీలో పట్టాలి. ‘ఏడేళ్లు గడిచాయి’ అని రాశావో, చింపేస్తాను.

ఒకప్పుడు నేనూ గీశానులే. నాగావళి వరద మీద. నీళ్లు గుమ్మం ఎక్కే గడుల్లో మాటల్లేవు. ఆ వారపత్రిక ఎడిటర్ గారు వాటిని ఎత్తేసి తలనూనె ప్రకటన వేసుకున్నారు. అడిగితే, ‘మాటల్లేనిదానికి పారితోషికమేంటండీ’ అన్నారు. అలాంటివాళ్లే ఇప్పుడు సభల్లో గ్రాఫిక్ నవల మీద ఉపన్యాసాలు దంచుతున్నారు!

2011లో వచ్చిన ‘భీమాయన’ సంపాదించి చూడు. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అంబేద్కర్ కథని గడుల్లో బిగించలేదు. మంచి మాటకి పిట్ట ఆకారంలో బుడగ, విషపు మాటకి తేలు కొండి. మనకి సీతంపేట వైపు సవర బొమ్మలున్నాయి. నువ్వేమో తాతకి జపాన్ కామిక్స్‌లో, ఆ మాంగాల్లో ఉండే కళ్లు పెట్టావు.

పబ్లిషర్ సంగతి తర్వాత. ముందు బియ్యం పంపిణీ పేజీలు తీసేసి, తాత మొహం మళ్లీ గియ్యి. ప్రింటు తీసి పోస్టులో పంపు. వాట్సాప్‌లో పెడితే నా కళ్లకి ఆనవు.

ఆశీస్సులతో,
మాస్టారు