పాత అరంగుళం పైపుకి టీ వేసి గ్రిల్‌కి, గ్యారేజ్ హీటర్‌కి గ్యాస్ తీసుకోవచ్చా?

అడిగింది ఇది: అమెరికాలో సొంత ఇల్లు, న్యాచురల్ గ్యాస్ కనెక్షన్ ఉంది. బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్‌కి అరంగుళం పైపు వెళ్తోంది. దానికి టీ (లైను చీల్చే మూడు నోళ్ళ ఫిట్టింగ్) వేసి, వెనక డెక్ మీద గ్రిల్‌కి ఒక లైను, గ్యారేజ్‌లో హీటర్‌కి ఒక లైను లాగితే సరిపోతుందా, సొంతంగా చేసుకోవచ్చా అని.

టీ పడుతుంది, మరలు కలుస్తాయి, లీకూ ఉండకపోవచ్చు. అయినా పని చేయదు. గ్రిల్ ఒక్కటే వెలిగించినప్పుడు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. గట్టి చలి రాత్రి ఫర్నేస్ (ఇల్లంతా వేడి చేసే యంత్రం), వాటర్ హీటర్, గ్యారేజ్ హీటర్ మూడూ ఒకేసారి అందుకున్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. పైపు చివర ఒత్తిడి పడిపోతుంది, హీటర్ వెలిగి ఆరి, రెండు మూడుసార్లు ప్రయత్నించి లాకౌట్‌లోకి పోతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు చాలామంది హీటర్ పాడైందనుకుని దాని కంట్రోల్ బోర్డు మారుస్తారు. తప్పు బోర్డుది కాదు, పైపుది. అందుకే రెంచ్ పట్టుకునే ముందు కాగితం, పెన్ను పట్టుకోండి.

చాలా ఇళ్ళలో మీటర్ దాటాక గ్యాస్ ఒత్తిడి సుమారు 7 అంగుళాల వాటర్ కాలమ్. అంటే పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లలో కొలిచే ఒత్తిడి) పావు వంతు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, 7 అంగుళాల లోతు నీళ్ళలో స్ట్రా ముంచి బుడగలు రావడానికి ఎంత ఊదాలో అంతే. అంత తక్కువ ఒత్తిడిలో దారిలో అరంగుళం పోయినా లెక్కే. ఇలాంటి ఇళ్ళకి మామూలుగా వాడే పైపు సైజు టేబుల్ ఈ అర అంగుళం నష్టాన్ని పట్టుకునే తయారైంది.

లెక్క ఒక ఉదాహరణతో చేద్దాం. బీటీయూ అంటే వేడి కొలత, ఈ అంకెలన్నీ గంటకి. ఫర్నేస్ 80,000 బీటీయూ, వాటర్ హీటర్ 40,000, వంట స్టవ్ 65,000, డ్రయ్యర్ 22,000. పాత భారం మొత్తం 2,07,000. కొత్తగా గ్రిల్ 50,000, గ్యారేజ్ హీటర్ 60,000. అన్నీ కలిపితే 3,17,000. ఒక ఘనపుటడుగు గ్యాస్‌లో సుమారు 1,000 బీటీయూ ఉంటుంది కాబట్టి గంటకి 317 ఘనపుటడుగులు కావాలి. మీ ఇంట్లో ఈ అంకెలు ఒక్కో పరికరం నేమ్‌ప్లేట్ మీద ఇన్‌పుట్ అని రాసి ఉంటాయి. అవుట్‌పుట్ అంకె కాదు, ఇన్‌పుట్టే తీసుకోవాలి. ఇక్కడ పొరపాటు పడేవాళ్ళు ఎక్కువ.

తర్వాత దూరం. మీటర్ నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న పరికరం దాకా పైపు ఎన్ని అడుగులో కొలవండి. గ్యారేజ్ హీటర్ 60 అడుగుల్లో ఉందనుకుందాం. టేబుల్‌లో ఇక ఒకే వరస, 60 అడుగుల వరసే చూడాలి. దగ్గరున్న వాటికీ అదే వరస. ఆ వరసలో షెడ్యూల్ 40 (మామూలు మందం) ఉక్కు పైపు మోసే గ్యాస్ గంటకి ఇలా ఉంటుంది: అరంగుళం 65 ఘనపుటడుగులు, ముప్పావు అంగుళం 137, ఒక అంగుళం 257, అంగుళంపావు 528.

ఇప్పుడు చూడండి. గ్రిల్, హీటర్ కలిపి 110. అరంగుళం మోసేది 65. వాటర్ హీటర్ 40 దాని మీదే పడితే 150. టీ వేసే ఆలోచన ఇక్కడితో ఆగిపోయింది. ఇంటి మెయిన్ లైను ఒక అంగుళం పైపు అనుకుందాం. దాని మీద టీ వేద్దామన్నా 317కి 257 చాలదు. దారి ఏమిటంటే మీటర్ దాటిన వెంటనే టీ వేసి, అక్కడి నుంచి ముప్పావు అంగుళం లైను విడిగా కొత్తవాటి కోసం తీసుకోవడం. దానికి 137 మోసే శక్తి ఉంది, కావలసింది 110. పాత ఒక అంగుళం లైను మీద పాత 207 మాత్రమే ఉంటుంది, 257లో సరిపోతుంది. మీటర్‌కి, టీకి మధ్య ఉన్న చిన్న ముక్క మాత్రం మొత్తం 317 మోయాలి కాబట్టి దాన్ని అంగుళంపావు చేయాలి. కొత్త లైను గ్రిల్ దగ్గరా, హీటర్ దగ్గరా చీలాక 50, 60 వేర్వేరుగా పోతాయి. అక్కడ అరంగుళం చాలు, కానీ హీటర్ వైపు 65కి 60 అంటే అంచు మీద ఉన్నట్టే. అటు కూడా ముప్పావే లాగండి. తర్వాత పెద్ద హీటర్ పెట్టాలనిపిస్తే గోడ పగలగొట్టే పని ఉండదు.

ఈ టేబుల్ అంకెల్లో మామూలుగా పడే నాలుగైదు ఎల్బోలకి చోటు ఉంది. మలుపులు అంతకంటే బాగా ఎక్కువైతే వాటి అదనపు పొడవు కలపాలి. ముడతల స్టెయిన్‌లెస్ గొట్టం, అంటే సీఎస్ఎస్టీ వాడితే ఈ టేబుల్ పనికిరాదు, ఆ కంపెనీ సొంత టేబుల్ చూడాలి.

మీటర్ సంగతి మరిచిపోకండి. ఇళ్ళకి పెట్టే మామూలు మీటర్లలో 250 తరగతివి, అంటే గంటకి సుమారు 250 ఘనపుటడుగులు ఇచ్చేవి చాలా ఉన్నాయి. 317 దాని నుంచి రాదు. మీటర్ మార్చడం గ్యాస్ కంపెనీ పని. మీటరూ, దాని ముందున్న ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరూ వాళ్ళవే, మనం ముట్టుకోకూడదు. కొత్త మొత్తం బీటీయూ చెప్పి ముందే ఫోన్ చేయండి. అప్పుడే మీ ఇంటికి ఇచ్చే ఒత్తిడి ఎంతో కూడా అడగండి. కొన్ని ఇళ్ళకి 2 పీఎస్ఐ ఇచ్చి లోపల మరో రెగ్యులేటర్ పెడతారు. అలాంటి చోట పై లెక్క మొత్తం మారిపోతుంది.

సొంతంగా చేసుకోవచ్చా అంటే అది మీ ఊరి బిల్డింగ్ ఆఫీస్ చెప్పాలి. చాలా చోట్ల తను ఉంటున్న ఇంటికి యజమానికే పర్మిట్ ఇస్తారు, కొన్ని చోట్ల లైసెన్స్ ఉన్నవాళ్ళే చేయాలి. ఎవరు చేసినా పర్మిట్ తీసుకోండి. ఇన్‌స్పెక్టర్ వచ్చి గేజ్ చూడటం రెండో జత కళ్ళు ఉన్నట్టు. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, చేతి పని బాగా వచ్చినవాళ్ళు గ్రిల్ లైను చేసుకోవచ్చు. హీటర్ పొగగొట్టం, లోపలికి గాలి వచ్చే ఏర్పాటు మాత్రం తెలిసినవాళ్ళకే అప్పగించండి. అక్కడ తప్పు జరిగితే కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన ఉండదు.

ఇక పైపు పని. లోపల నల్ల ఉక్కు పైపు. కోత పెట్టాక లోపలి అంచున మిగిలే బొడిపెని రీమర్‌తో తీసేయాలి, లేకపోతే దారి అక్కడే ఇరుకవుతుంది. ముక్క పొడవు కొలిచేటప్పుడు ఫిట్టింగ్ అంచు నుంచి అంచుకి ఉన్న దూరానికి ఒక్కో కొసకి సుమారు అరంగుళం కలపండి, మర లోపలికి పోయే భాగం అది. గ్యాస్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసిన పైప్ డోప్‌ని (మరల సందు మూసే ముద్దని) బయటి మరలకే రాయాలి, మొదటి చుట్టు వదిలేసి. లోపలి మరలకి రాస్తే అది పైపులోకి వత్తుకుపోయి చివరికి గ్యాస్ వాల్వ్‌లో చేరుతుంది. టేప్ వాడితే గ్యాస్‌కి చేసిన పసుపు రంగు టేప్ వాడండి, నీళ్ళ పైపుకి చుట్టే పలచటి తెల్లది వద్దు. ఫ్లేర్ జాయింట్లకి (గొట్టం కొస వెడల్పు చేసి నట్‌తో బిగించేవి) డోపూ వద్దు, టేపూ వద్దు. అక్కడ లోహం మీద లోహం ఆనుకునే మూసుకుంటుంది.

బిగించేటప్పుడు ఎప్పుడూ రెండు రెంచ్‌లు ఉండాలి. ఒకటి తిప్పడానికి, ఇంకోటి పాత పైపు కదలకుండా ఎదురు పట్టడానికి. ఒక్క రెంచ్‌తో లాగితే ఆ బలం గోడ వెనక ఎక్కడో ముప్పై ఏళ్ళ నాటి జాయింట్‌కి పోయి దాన్ని కదిలిస్తుంది. లీక్ మీరు పని చేసిన చోట కాక కంటికి కనపడని చోట మొదలవుతుంది. ఎల్బో కొంచెం ఎక్కువ తిరిగిపోతే వెనక్కి తిప్పి సరిచేయకండి. వెనక్కి తిప్పిన మర లీక్ అవుతుంది. ఇంకో చుట్టు ముందుకి పోనివ్వండి, లేదా విప్పి శుభ్రం చేసి మళ్ళీ డోప్ రాసి మొదలుపెట్టండి. యూనియన్ (పైపు తిప్పకుండా విప్పదగ్గ జాయింట్) గోడలో కనపడకుండా పెట్టకూడదు. అరంగుళం పైపుకి ప్రతి 6 అడుగులకి, ముప్పావు, ఒక అంగుళం పైపులకి ప్రతి 8 అడుగులకి పట్టీ ఉండాలి.

సీఎస్ఎస్టీ వాడాలంటే ఆ కంపెనీ శిక్షణ ఉండాలి, దాని ఫిట్టింగులే వాడాలి. మామూలు పసుపు తొడుగు రకాన్ని కనీసం 6 గేజ్ రాగి తీగతో ఇంటి గ్రౌండింగ్‌కి కలపాలి. పిడుగు దగ్గరలో పడితే ఆ పలచటి గోడకి చిల్లు పడిన సందర్భాలు ఉన్నాయి, అందుకే ఆ నియమం. స్టడ్‌ల (గోడ లోపలి నిలువు చెక్కల) గుండా వెళ్ళే చోట ఉక్కు పలక వేయండి, లేకపోతే రేపు పటం తగిలించే మేకు అందులోకే దిగుతుంది.

బయట గోడ వెంట పోయే నల్ల పైపుకి ప్రైమర్, పెయింట్ తప్పనిసరి. నేల నుంచి కనీసం మూడున్నర అంగుళాల ఎత్తులో ఉండాలి. గోడ దాటే చోట స్లీవ్ వేసి చుట్టూ సందు మూసేయండి. గ్రిల్ దూరంగా ఉండి నేల కింద నుంచి పోవాలంటే పసుపు పాలిథిలీన్ పైపు వాడతారు. అది నేలలోనే ఉండాలి. పైకి వచ్చే చోట దాని కోసం చేసిన ఉక్కు రైజర్ ఉంటుంది. తవ్వడానికి కొన్ని పనిదినాల ముందు 811కి ఫోన్ చేస్తే కంపెనీల లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు వేస్తారు. కోడ్‌లో (గ్యాస్ పైపుల నియమావళిలో) కనీస లోతు మామూలుగా 12 అంగుళాలు, చాలా ఊళ్ళు 18 అడుగుతాయి. 18కే తవ్వండి. పైపు పక్కన ట్రేసర్ తీగ వేయాలి, ప్లాస్టిక్ పైపు రేపు ఎవరి డిటెక్టర్‌కీ దొరకదు. మట్టి కప్పేటప్పుడు రాళ్ళు ఏరేయండి.

గ్రిల్ వైపు గోడ దగ్గర షటాఫ్ వాల్వ్, దాని తర్వాత క్విక్ కనెక్ట్, ఆ తర్వాత బయట వాడకానికి చేసిన గ్యాస్ గొట్టం. గొట్టం గోడల్లోంచీ, డెక్ పలకల కిందా దాచి తీసుకెళ్ళకూడదు. వాల్వ్ గ్యాస్‌కి ఆమోదించినది అయి ఉండాలి. నీళ్ళ బాల్ వాల్వ్ చూడ్డానికి అలాగే ఉంటుంది, మోసపోకండి. సిలిండర్ గ్రిల్‌ని ఈ లైనుకి తగిలించాలనుకుంటే ఆగండి. ప్రొపేన్ ఘనపుటడుగుకి సుమారు 2,500 బీటీయూ, ఒత్తిడి 11 అంగుళాలు. అందుకని దాని ఆరిఫిస్ (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే) రంధ్రాలు చిన్నవి. న్యాచురల్ గ్యాస్ పెడితే మంట కొవ్వొత్తిలా ఉంటుంది. ఆ కంపెనీ కన్వర్షన్ కిట్ అమ్మితే అదే వాడండి, డ్రిల్‌తో రంధ్రం పెద్దది చేయకండి. కిట్ లేకపోతే న్యాచురల్ గ్యాస్ మోడలే కొనడం మేలు.

హీటర్ వైపు ముందు షటాఫ్, అది హీటర్‌కి 6 అడుగుల లోపే ఉండాలి. తర్వాత యూనియన్, ఆ తర్వాత చెత్త పట్టే సెడిమెంట్ ట్రాప్. టీకి కింద కనీసం 3 అంగుళాల నిపుల్ (పొట్టి పైపు ముక్క), దానికి మూత. గ్యాస్ పైనుంచి కిందికి దిగి, టీ పక్క నోటి నుంచి హీటర్‌లోకి మళ్ళాలి. చాలామంది టీని అడ్డంగా పెట్టి గ్యాస్ నేరుగా దాటిపోయేలా చేస్తారు. అప్పుడు తుప్పు పొడి కింద పడకుండా హీటర్ వాల్వ్‌లోకే పోతుంది. బయటి గ్రిల్‌కి ఈ ట్రాప్ అవసరం లేదు. గ్యారేజ్‌లో నిప్పు రవ్వ పుట్టే భాగం నేల నుంచి కనీసం 18 అంగుళాల పైన ఉండాలి, కారు పెట్రోల్ ఆవిరి నేలను అంటుకుని పాకుతుంది కాబట్టి. కారు కిందుగా వెళ్ళేలా వేలాడదీస్తే హీటర్ అడుగుకి నేలకి మధ్య కనీసం 6 అడుగులు.

పరీక్షకి పరికరాలన్నీ విప్పి పైపులకి మూతలు పెట్టండి. వాల్వ్ కట్టేస్తే చాలదు, పరికరం లోపలి గ్యాస్ వాల్వ్ తట్టుకునేది మామూలుగా అర పీఎస్ఐ మాత్రమే. గాలి కొట్టండి, ఆక్సిజన్ ఎప్పుడూ వద్దు. కోడ్ కనీసం 3 పీఎస్ఐ, ఇంటికైతే 10 నిమిషాలు. మీ ఊరు 10 గానీ 15 గానీ పీఎస్ఐ అడగొచ్చు. 15కి 30 పీఎస్ఐ గేజ్ వాడండి, 100 గేజ్ మీద అర పీఎస్ఐ తగ్గడం కంటికి ఆనదు. ఎండలో ఉన్న పైపు మీద నీడ పడి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడితే లీక్ లేకుండానే 15 నుంచి సుమారు అర పీఎస్ఐ తగ్గుతుంది. కాబట్టి గాలి కొట్టాక కొంతసేపు స్థిరపడనిచ్చి, మబ్బు వేళ గానీ ఉదయాన గానీ చూడండి. నిజంగా తగ్గుతుంటే ఒక్కో జాయింట్‌కి సబ్బు నీళ్ళు రాయండి. పెద్ద లీక్ బుడగలు వదులుతుంది. సన్న లీక్ మాత్రం అర నిమిషం తర్వాత మర అంచున తెల్ల నురగ గింజలా పేరుకుంటుంది, తొందరపడితే అది దొరకదు. అగ్గిపుల్లతో వెతకడం మాత్రం ఎప్పటికీ వద్దు.

ఇన్‌స్పెక్టర్ సరే అన్నాక గ్యాస్ వదిలి పైపులో గాలిని ఆరుబయటికే పంపండి. పరికరాలు కలిపాక ఆ కొత్త జాయింట్లకి కూడా సబ్బు నీళ్ళు రాయాలి, పరీక్షలో అవి లేవు కదా. చివరగా హీటర్ ఇన్‌లెట్ దగ్గర మానోమీటర్ (తక్కువ ఒత్తిడి కొలిచే సాధనం) తగిలించి, ఇంట్లో ఫర్నేస్, స్టవ్ బర్నర్లన్నీ, వాటర్ హీటర్, డ్రయ్యర్, గ్రిల్, హీటర్ అన్నీ ఒకేసారి వెలిగించండి. అంకె హీటర్ ప్లేట్ మీద రాసిన కనీస ఒత్తిడికి పైనే నిలవాలి. 6.5 దగ్గర నిలిస్తే లెక్క సరిగ్గా కుదిరినట్టే. కనీసానికి కిందికి జారితే హీటర్ వాడకం ఆపి, ముందు మీటర్ దగ్గర ఒత్తిడి కొలిపించి, ఆ తర్వాత పైపు లెక్కకి తిరిగి రండి.