ఐదు గంటల జ్ఞాపకం చెరిగిపోయింది.. మళ్లీ ఇలా అవుతుందా?

ప్రశ్న: మా వారికి 59 ఏళ్లు. బీపీ, షుగర్ లేవు. పోయిన నెల ఇంట్లో బీరువా జరిపిన కాసేపటికి ఉన్నట్టుండి ‘ఇవాళ ఏ వారం? బీరువా ఎవరు జరిపారు?’ అని అడగటం మొదలుపెట్టారు. చెప్పిన రెండు నిమిషాలకే మళ్లీ అదే ప్రశ్న. నన్ను, పిల్లలను గుర్తుపట్టారు. మాట తడబడలేదు. ఐదు గంటల తర్వాత మామూలయ్యారు. అదే రోజు తీసిన ఎంఆర్‌ఐ, తర్వాత తీసిన ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే పరీక్ష) నార్మల్. అయినా నాకు టెన్షన్ తగ్గటం లేదు. మళ్లీ వస్తుందా? ఇది అల్జీమర్స్‌కు మొదలా?

జవాబు: అంతసేపు అడిగిందే అడుగుతుంటే మీరెంత భయపడి ఉంటారో అర్థం చేసుకోగలను. మీరు రాసిన లక్షణాలన్నీ ట్రాన్సియెంట్ గ్లోబల్ ఆమ్నీషియా (టీజీఏ)కు సరిపోతున్నాయి. ఎక్కువగా 50-70 ఏళ్ల మధ్య వస్తుంది. కొత్త విషయాలను జ్ఞాపకంగా మలిచే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం కొన్ని గంటలు పనిచేయదు. పాత జ్ఞాపకాలు చాలావరకు ఉంటాయి కాబట్టి మిమ్మల్ని గుర్తుపట్టారు. మీరు చెప్పిన జవాబు మాత్రం లోపల నిలవలేదు, అందుకే మళ్లీ అడిగారు. ఇది 24 గంటల్లోపే తగ్గిపోతుంది. బరువులు ఎత్తటం, ఒక్కసారిగా చన్నీళ్లలో దిగటం, తీవ్రమైన నొప్పి, మానసిక ఆందోళన వంటి వాటి తర్వాత రావటం తరచూ చూస్తుంటాం. అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఎంఆర్‌ఐలో కనిపించే చిన్న చుక్కలాంటి మార్పు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్యే బయటపడుతుంది. అదే రోజు తీస్తే నార్మల్‌గా రావటం మామూలే.

ఇది అల్జీమర్స్‌కు మొదలు కాదు. అందులో మరపు నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. టీజీఏ వల్ల పక్షవాతం ముప్పు పెరుగుతుందనీ తేలలేదు. కాబట్టి ముందు జాగ్రత్త అంటూ సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టకండి.

ఇక మళ్లీ రావటం సంగతి. చాలామందికి జీవితంలో ఒక్కసారే వస్తుంది. సుమారుగా పదిమందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు తిరగబెట్టొచ్చు. మైగ్రేన్ ఉన్నవారిలో ఈ అవకాశం కాస్త ఎక్కువ. రాకుండా ఆపే మందు లేదు, అవసరమూ లేదు. ఆయన్ను నడక, పనులు మాన్పించి కూర్చోబెట్టకండి. మరీ బరువైనవి ఒంటరిగా ఎత్తకుండా చూస్తే చాలు.

నన్ను ఆలోచింపజేసేది వేరే తీరు. గంటలోపే తగ్గిపోయే మరపు, ముఖ్యంగా నిద్ర లేవగానే, పదే పదే వస్తుంటే అది ఒక రకం మూర్ఛ కావొచ్చు. దానికి మంచి మందులున్నాయి. కాబట్టి ఏ రోజు, ఏ సమయంలో, ఎంతసేపు అన్నది రాసి పెట్టుకుని న్యూరాలజిస్టుకు చూపించండి. నిద్రమాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, కొన్నింటి వల్ల కూడా మరపు రావొచ్చు.

మళ్లీ జరిగితే మాత్రం ‘పోయినసారి దానంతటదే తగ్గిందిగా’ అని ఇంట్లో ఉండిపోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆయన్ను బండి నడపనివ్వకండి. మూతి వంకరపోవటం, చేయి లేదా కాలు పట్టు తప్పటం, మాట ముద్దగా రావటం, తీవ్రమైన తలనొప్పి, తన పేరే చెప్పలేకపోవటం ఉంటే అది టీజీఏ అనుకోకూడదు, నిమిషాలు కూడా విలువైనవే.

ఆ ఐదు గంటల్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోమని ఆయన్ను ఒత్తిడి చేయకండి. అప్పుడు జ్ఞాపకం తయారే కాలేదు కాబట్టి అది తిరిగి రాదు. ఆయన అడిగితే ఏం జరిగిందో నెమ్మదిగా మీరే చెప్పండి.